హైమ ఆంటీకి వినిపించని పాట

ఈ మే నెలలో ఒక వారాంతానికి కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి న్యూజెర్సీలోని మా ఇంటికి వెళ్ళాను. శనివారం సాయంత్రం మేడ మీద నుంచి దిగుతుంటే, వంటింట్లో చింతపండు పులుసు ఇంగువతో కలిసి ఉడుకుతున్న వాసన నన్ను మెట్ల మధ్యలోనే ఆపేసింది. ఇతర ఇళ్ళలో ఆ వాసన పండగనో పూజనో గుర్తుచేస్తుందేమో. మా ఇంట్లో మాత్రం దానికి ఒకే అర్థం ఉండేది: మర్నాడు ఉదయం పిట్టలను చూడటానికి వెళ్తున్నాం. వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ నా వైపు తిరగకుండానే, "హైమ ఆంటీ అడిగారు, నువ్వు వస్తావా అని. వస్తుందని చెప్పేశాను. రానంటే నువ్వే ఫోన్ చేసి చెప్పుకో," అంది. నేను ఎందుకు రానంటాను? ఎదిగే వయసులో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ పనికొస్తున్నది ఏదైనా ఉందంటే, అది తరగతి గదిలోకన్నా ఎక్కువగా ఆ ఆదివారాల్లోనే నేర్చుకున్నాను. దానికి నేను ఆవిడకు ఎంత రుణపడి ఉన్నానో ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

తొమ్మిదేళ్ళ వయసులో విజయవాడ నుంచి న్యూజెర్సీలోని ఐసెలిన్‌కు వచ్చినదాన్ని. ఓక్ ట్రీ రోడ్డు మీద నగల దుకాణాల వెనక వీధిలో మా అపార్ట్‌మెంట్. అక్కడి నుంచి దక్షిణానికి గంటన్నర డ్రైవ్ చేస్తే ఊళ్ళు పల్చబడి, నేల తెల్లని ఇసుకగా మారుతుంది. మోకాలి ఎత్తుకు మించని పొదలు, వాటి మధ్య ఎండు గడ్డి, ఎదగడం మరిచిపోయినట్టు అక్కడక్కడ పొట్టి పైన్ చెట్లు. ఇలాంటి నేలను ఇంగ్లీషులో హీత్ అంటారు. మా వాళ్ళకు ఆ మాట నాలుక మీద నిలవలేదు. అందరూ 'పొదలు' అనేవారు. "ఈ ఆదివారం పొదలకి వస్తున్నారా?" అని ఎవరైనా అడిగితే చాలు, నాన్న స్నేహితుడు ప్రభాకర్ అంకుల్, "మా ఊళ్ళో ఆ మాటకి వేరే అర్థం ఉందండీ, చెంబు కూడా తెచ్చుకోవాలి," అనేవారు. ప్రతిసారీ అదే జోకు. ప్రతిసారీ మొదట నవ్వేది కూడా ఆయనే.

ఆదివారం ఉదయాలకు మా ఇంట్లో ఒక క్రమం ఉండేది. చీకటి ఉండగానే అమ్మ రాత్రి కాచిన పులుసుతో పులిహోర కలిపి, ఇడ్లీలు హాట్ ప్యాక్‌లో సర్దేది. నాన్న ఫ్లాస్కులో కాఫీ పోసి, మూత సరిగ్గా బిగించలేదని అమ్మ చేత చీవాట్లు తినేవారు. ఆ పొదల్లో టిక్స్ ఎక్కువ. కాలి మీదికి పాకి, చర్మానికి పట్టుకుని, జబ్బులు తెచ్చే చిన్న పురుగులవి. అందుకని అందరం ప్యాంట్ల అంచులను మేజోళ్ళలోకి దోపుకుని, ఎవరూ ఫోటో తీయకూడదని కోరుకుంటూ బయలుదేరేవాళ్ళం. కారులో దోమల మందు వాసన, ఇంగువ వాసన కలిసి మూడో వాసన ఒకటి పుట్టేది. తిరిగి వచ్చాక అమ్మ నన్ను బాల్కనీలో కూర్చోబెట్టి, ఇండియా నుంచి తెచ్చుకున్న పేల దువ్వెనతో జుట్టంతా పాయలు పాయలుగా దువ్వి టిక్స్ కోసం వెతికేది. ఆ తర్వాత కుంకుడుకాయతో తలంటు. బడిలో సోమవారం నా జుట్టు వాసన గురించి అడిగినవాళ్ళకు నేను పిట్టల గురించి చెబితే వాళ్ళకేమీ అర్థమయ్యేది కాదు. రెంటికీ ఉన్న సంబంధం మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

ఈ బృందాన్ని మొదలుపెట్టింది హైమ ఆంటీ. నేను మొదటిసారి వెళ్ళేనాటికే ఆవిడ అరవై దాటారు. ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో నాణ్యత పరీక్షలు చేసి రిటైరయ్యారు. చీర మీద మగవాళ్ళ రెయిన్ జాకెట్, తల మీద ఊలు టోపీ, మెడలో నల్లపూసలతో పాటు బైనాక్యులర్స్. ఆవిడ పిట్టలను కళ్ళతో కాదు, చెవులతో పట్టేవారు. నడుస్తూ నడుస్తూ చటుక్కున చెయ్యెత్తి ఆగిపోయేవారు. వెనక వస్తున్న మేమంతా ఒకరికొకరం గుద్దుకుని ఆగేవాళ్ళం. ఎక్కడో సన్నని ధ్వని. ఆవిడ కళ్ళు మూసుకుని తల కొద్దిగా తిప్పి, అది ఏ కొమ్మ మీద ఉందో చెప్పేవారు. ఆ తర్వాత చూస్తే, పిట్ట అక్కడే ఉండేది.

ఆవిడది ఒక నియమం. ప్రతి పిట్ట దగ్గరా "చూశారా?" అని అడిగేవారు. అందరూ చూశామనేదాకా అడుగు ముందుకు వేసేవారు కాదు. ఇక్కడే మా వాళ్ళ మర్యాద అడ్డొచ్చేది. పెద్దావిడ అంత శ్రమపడి చూపిస్తుంటే కనిపించలేదని ఎలా అంటారు? అందుకని అడగటం ఆలస్యం, "చూశాం ఆంటీ!" అని బృందగానం వినిపించేది. పైగా ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. ఒకసారి నాన్న బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించుకుని, "అబ్బ, ఏం రంగండీ! పసుపంటే అదీ పసుపు," అని పరవశించిపోతున్నారు. నేను పక్కకు చూస్తే బైనాక్యులర్స్‌కు ముందువైపు మూతలు పెట్టే ఉన్నాయి. పన్నెండేళ్ళ పిల్లకు ఉండే నిర్దయతో, "నాన్నా, మూతలు తియ్యి," అన్నాను. అంతా పగలబడి నవ్వారు. నాన్న కూడా నవ్వి, "లోపల కూడా పసుపుగానే ఉందే!" అన్నారు. నవ్వుల మధ్య ఆంటీ నన్నే అడిగారు.

"నీకు కనిపించిందా?"

"లేదు ఆంటీ."

ప్రభాకర్ అంకుల్ తల పట్టుకున్నారు. "అమ్మా మేఘనా, కనిపించిందను తల్లీ, ఆకలేస్తోంది."

ఆంటీ ఆయన మాట విననట్టే నా వెనక నిలబడి, నా భుజాలు పట్టుకుని మెల్లగా తిప్పి, ఆకు వెంట ఆకు చెబుతూ ఆ పిట్టను నాకు చూపించారు. చాలాసేపు పట్టింది. చివరికి కనిపించినప్పుడు, "కనిపించలేదని చెప్పేవాళ్ళు ఒకరుండాలమ్మా. లేకపోతే నేను సరిగ్గా చూపిస్తున్నానో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. నా వయసు పిల్లలను పెద్దవాళ్ళు సహించడం చూశాను కానీ, మా వల్ల తమకు ఉపయోగముందని చెప్పడం అదే మొదటిసారి వినడం. ఆ తర్వాత కాలేజీకి వెళ్ళేదాకా నేను ఏ ఆదివారమూ మానలేదు.

ఆ పొదలన్నిటిలోనూ ఆవిడకు ప్రాణమైనది గ్రాస్‌హాపర్ స్పారో. మేం మిడత పిచ్చుక అనేవాళ్ళం. గుప్పెట్లో పట్టేంత గోధుమరంగు పిట్ట, చదునైన తల, కంటికి ముందు చిన్న పసుపు మచ్చ. దాని పాట పాటలా ఉండదు. రెండు పొడి టిక్కులు, వెంటనే దూరంగా ఎవరో కుట్టుమిషన్ మీద ఒక్క వరస కుట్టి ఆపినట్టు సన్నగా సాగే జీర. చెవికి అందే ధ్వనుల్లో చిట్టచివరి అంచున ఉంటుంది. అది నేల మీద గడ్డిలో గూడు పెడుతుంది. ఆ గడ్డి మధ్య నుంచే మోటార్ సైకిళ్ళు తిరిగే ఇసుక బాట ఒకటి పోయేది. ప్రతి ఏడాదీ మే నెలలో ఆ పిట్ట వచ్చిందో లేదో విని చెప్పే పని ఆ నేలను చూసుకునే పార్కు వాళ్ళు మా బృందానికి అప్పగించారు. పాట విన్నామంటే వేసవి అంతా ఆ బాటకు తాడు కట్టేవారు. వినలేదంటే బాట తెరిచి ఉండేది, గూళ్ళ మీదుగా బళ్ళు పోయేవి. మా మాట తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు.

కాలేజీ మొదటి సంవత్సరం డిబేట్ జట్టులో చేరి, ఆ వేసవికి ఇంటికి వచ్చాను. ఆ ఏడాది నాతో వేగడం మా వాళ్ళకు అంత సులభం కాలేదని ఒప్పుకోవాలి. ప్రతి వాక్యానికీ ఆధారం అడిగేదాన్ని. ప్రభాకర్ అంకుల్ ఇడ్లీ ప్లేటు నా ముందు పెట్టి, "ఏమ్మా లాయరమ్మా, ఇది ఇడ్లీయే అనడానికి సాక్ష్యం ఉందా, తినేయమంటావా?" అనేవారు. డిబేట్‌లో మాకు నూరిపోసిన నియమం ఒకటుంది: ఎదుటివాళ్ళ వాదనకు జవాబు చెప్పకుండా వదిలేస్తే, దాన్ని ఒప్పుకున్నట్టే. మౌనానికి తటస్థత ఉండదు. పోటీల్లో ఇది మార్కులకు సంబంధించిన విషయం. మనుషుల మధ్య దీని బరువెంతో ఆ మే నెలలో తెలిసింది.

ఆ ఆదివారం గాలి లేదు. ఇసుక బాట పక్కన పాతికమంది దాకా నిలబడ్డాం. ఆంటీ చెయ్యెత్తి, కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతున్నారు. నాకు వినిపించింది. రెండు టిక్కులు, జీర. ఆగి, మళ్ళీ. ఎండు గడ్డి కాడ మీద పిట్ట కనిపిస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి దించుతారని, "అదిగో" అంటారని చూస్తున్నాను. ఆవిడ కళ్ళు తెరిచి నిట్టూర్చారు.

"ఈ ఏడాది రాలేదర్రా. ఇంకేం చేస్తాం. రాలేదనే చెప్పేద్దాం. ఎవరికైనా వినిపించిందా?"

పిట్ట పాడుతూనే ఉంది. నేను చుట్టూ చూశాను. అమ్మ నేలకేసి చూస్తోంది. నాన్న బైనాక్యులర్స్ తుడుచుకుంటున్నారు. ప్రభాకర్ అంకుల్ ఎప్పుడూ లేనిది జోకు వేయడం లేదు. అందరికీ వినిపిస్తోందని ఆ ముఖాలే చెబుతున్నాయి. ఆవిడ రాలేదన్నారు కాబట్టి ఎవరూ వచ్చిందనడం లేదు. పక్కనే ఉన్న రాకేష్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి, మా కాలనీలోనే గది తీసుకుని ఉండేవాడు. నా ముఖం చూసి కనిపెట్టాడేమో, "మేఘనా, ఊకో. పెద్దామె బాధపడ్తది. మనం పార్కోళ్ళకి తర్వాత చెప్దాం," అని గొణిగాడు.

అతని మాటలో దయ ఉంది. నాకు తెలుసు. కానీ ఆవిడ అడిగారు. అడిగినప్పుడు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. పైగా ఆవిడ వెనకాల ఆవిడ మాటను దిద్దడమంటే, ఇక మీదట ఆవిడను నడిపించి, ఆవిడే నడిపిస్తున్నట్టు నటించడమే కదా.

"ఆంటీ, పాడుతోంది," అన్నాను. "ఇప్పుడు కూడా."

ఆవిడ నా వైపు తిరిగారు. ఆ చూపును నేను చాలా ఏళ్ళు మోశాను. కోపం కాదు. మెట్టు ఉందనుకుని కాలు పెడితే మెట్టు లేకపోతే మనిషి ముఖంలో ఒక క్షణం ఏది కనిపిస్తుందో, అది.

"ఎక్కడ?"

"రెండో పొట్టి పైన్‌కి లెఫ్ట్ సైడ్. ఎండు కాడ మీద."

ఆవిడ బైనాక్యులర్స్ ఎత్తారు. చాలాసేపు చూశారు. "నోరు తెరిచింది," అన్నారు. "గొంతు ఆడుతోంది. ఆపినప్పుడు చెప్పు."

"ఆపింది."

"ఊఁ."

"మళ్ళీ మొదలుపెట్టింది. ఆపింది."

నా మాటనూ పిట్ట ముక్కునూ ఆవిడ పక్కపక్కన పెట్టి సరిచూస్తున్నారని అప్పుడు అర్థమైంది. నా మర్యాదను కాదు, నా సాక్ష్యాన్ని పరీక్షిస్తున్నారు. డిబేట్ పోటీల్లో ఏ న్యాయనిర్ణేత చేతుల్లోనూ నాకు అంత గౌరవం దక్కలేదు. అలా ఎన్నోసార్లు చూసి, బైనాక్యులర్స్ దించి, ఆవిడ అందరి వైపూ తిరిగారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

ప్రభాకర్ అంకుల్ గొంతు సవరించుకున్నారు. "పోయినేడు కూడా అండీ... మేమే ముందు వినిపిస్తోందన్నాం. మీరు తలూపారు."

"తలూపాను," అన్నారు ఆంటీ. "వినిపించలేదు. మీరంతా అంటున్నారు కదా అని తలూపాను. అయితే నేనూ మీ జట్టులో చేరిపోయానన్నమాట," అని నవ్వారు. ఆ నవ్వులో తడి ఉంది. రాకేష్ వెంటనే మడత కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. ఫోన్ తీసి, పార్కు ఆఫీసుకు కబురు పంపే ముందు నీ పేరు రాయమంటావా అని నన్ను అడిగారు. "విన్నది నువ్వు కదా. నేను విన్నానని ఎలా రాస్తాను?"

తిరుగు ప్రయాణంలో కారులో అమ్మ మొదలుపెట్టింది.

"అంతమంది ముందా మేఘనా?"

"ఆవిడే అడిగారు కదమ్మా. బైక్‌లు వెళ్తే గూళ్ళన్నీ పోతాయి."

"ఆవిడ అడిగింది పిట్ట గురించి. నువ్వు చెప్పింది ఆవిడ చెవుల గురించి."

అమ్మ ఏ జట్టులోనూ చేరకుండానే అంత సూటిగా వాదించగలదని నేను ఊహించలేదు. ఆ వాక్యాన్ని ఇప్పటికీ పూర్తిగా ఖండించలేను. పక్కకు పిలిచి చెప్పి ఉండవచ్చేమో. కానీ పక్కకు పిలిచి చెబితే, ఎన్నాళ్ళ నుంచని ఆవిడ అందరినీ అడిగే అవకాశం ఉండేది కాదు. అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియని మనిషిగా ఇంకొంతకాలం మా మధ్య తిరిగేవారు. ఈ రెండు వాదనలనూ నా లోపల ఎదురెదురుగా కూర్చోబెట్టి ఎన్నిసార్లు విన్నానో. తీర్పు మాత్రం వాదనల నుంచి రాలేదు. ఆ సాయంత్రమే ఆంటీ అమ్మకు ఫోన్ చేశారు. "వచ్చే ఆదివారం మేఘనని నా కార్లో పంపించు. ముందు సీట్లో. నాకిప్పుడు చెవులు కావాలి," అన్నారట. అమ్మ ఫోన్ పెట్టేసి, నా తల దువ్వడం మధ్యలో ఆపిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. దువ్వెన మునుపటికన్నా మెత్తగా నడిచింది.

ఆ వేసవంతా బాటకు తాడు కట్టే ఉంది. నేను ఆవిడ పక్కన కూర్చుని ప్రయాణించాను. తనకు వినిపించే రోజుల్లో ప్రతి పిట్ట పాటనూ ఆవిడ ఎలా గుర్తుపెట్టుకున్నారో నాకు చెప్పారు. నేను విన్నదాన్ని ఆవిడ జ్ఞాపకంతో పోల్చి పేరు పెట్టేవాళ్ళం. చెప్పడం నాకు డిబేట్ నేర్పింది. నిజాన్ని ఎలా అందుకోవాలో మాత్రం ఏ పోటీలోనూ ఎవరూ నేర్పలేదు. అక్కడ ఓడినవాళ్ళు చేతులు కలిపి, వెనక్కి వెళ్ళి న్యాయనిర్ణేతను తిట్టుకుంటారు. తనకు నచ్చని మాట విన్నాక "ఎక్కడ?" అని అడిగి బైనాక్యులర్స్ ఎత్తిన మనిషిని నేను ఒక్కరినే చూశాను.

ఇప్పుడు నేను పనిచేసే చోట ఏ ప్రతిపాదన పెట్టినా "లుక్స్ గుడ్" అనే రెండు మాటలు వరసగా వచ్చిపడతాయి. సగంమంది చదివి ఉండరని అందరికీ తెలుసు. అది చూసినప్పుడల్లా నాకు మూతలు తీయని బైనాక్యులర్స్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. కోపం రాదు. వాళ్ళూ మర్యాదస్తులే. నేను చదివి, అర్థం కానిచోట అర్థం కాలేదని రాస్తాను. అందుకు కొన్నిచోట్ల మూల్యం చెల్లించాను. ఇంకొన్నిచోట్ల ఎవరో ఒకరు తర్వాత వచ్చి థాంక్స్ చెప్పారు. పిట్ట పాటను విని పేరు చెప్పే యాప్‌లు కూడా ఇప్పుడు ప్రతి ఫోన్‌లో ఉన్నాయి. అవి చాలావరకు సరిగ్గానే చెబుతాయి. వాటి మీద నాకు చిన్నచూపు లేదు. ఆంటీ ఫోన్‌లోనూ ఒకటుంది. కానీ ఆవిడ దాన్ని తీయరు. ఎందుకని అడిగితే, "అది నన్ను చూసి మొహమాటపడదు కదా. మొహమాటపడగలిగీ పడనివాళ్ళ మాటంటే నాకు నమ్మకం," అన్నారు.

ఈ మే నెల ఆదివారం ఆవిడ చేతికర్రతో వచ్చారు. చెవిలో పరికరం ఉంది. అది మనుషుల మాటలను అందిస్తుంది గానీ, మిడత పిచ్చుక దాకా పోలేదట. బృందంలో కొత్త పిల్లలు చాలామంది. రాకేష్ ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఎండ త్వరగానే ఎక్కింది. బాట పక్కన చాలాసేపు నిలబడ్డాక ముందుగా ఆవిడే బైనాక్యులర్స్‌తో పట్టుకున్నారు.

"మేఘనా, అదిగో, కంచె గుంజ మీద. నోరు తెరిచింది. గొంతు ఆడుతోంది. పాడుతోందా?"

నేను చెవి ఒగ్గి విన్నాను. ఎక్కడో వేరే పిట్ట. పొదల్లో తుమ్మెద. రాకేష్ పార్కు ఆఫీసుకు కబురు చేయడానికి ఫోన్ పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ప్రభాకర్ అంకుల్ నా చెవి దగ్గరికి వంగి, "పాడిందనుకుందాంలే అమ్మా. ఆవిడ ఇంకోసారి ఇంత దూరం రావాలంటే కష్టం," అన్నారు. ఆయన కళ్ళతో నిజంగానే బతిమాలుతున్నారు.

"లేదు ఆంటీ," అన్నాను. "ఎండకి రొప్పుతోంది, అంతే."

ఆవిడ బైనాక్యులర్స్ దించలేదు. ముఖంలో నిరాశ లేదు, తేలికపడ్డ మనిషి ముఖం అది.

"సరే," అన్నారు. "అయితే ఆగుదాం."

"ఎంతసేపు బామ్మగారూ?" అంది రాకేష్ చిన్నకూతురు.

"పాడేదాకా."